ముద్ర పడలేదు

మిషన్ అగ్గిపెట్టంత ఉంటుంది.
గాజు కింద ఎర్రటి వెలుగు.
యజ్జల పున్నమ్మ దాని మీద బొటనవేలు పెట్టింది.
పడలేదు.

కొంగుతో తుడుచుకుని మళ్లీ.
పడలేదు.
పలాసలో సంక్షేమ సహాయకుణ్ణి నేను,
కిటుకులన్నీ తెలుసు:
తడిగుడ్డ, కొబ్బరినూనె బొట్టు, చిటికెడు పౌడరు,
వేలిని కాసేపు చెంపకానించి వెచ్చబరచడం.
"ఏటి బావూ, ఈ ఏలు నాది కాదంతందేటి?"

పద్దెనిమిదేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
పిక్కకీ పిక్కకీ మధ్య బూడిదలో ముంచుతుంది,
అయినా జీడి ఊరుకుంటుందా,
గీతలన్నీ నాకేసింది.
ఆ వేలు ఇప్పుడు
లోపలి పప్పంత నున్నన.

తెర మీద కూతురు దమయంతి.
టెక్కలి పాలిటెక్నిక్, రెండో ఏడు, ఎలక్ట్రికల్.
కులం సరిపోయింది. ఆదాయం సరిపోయింది.
హాజరు డెబ్బై తొమ్మిది.
రూపాయిలో అరవై పైసలు ఢిల్లీవి,
నలభై మనవి.
రెండు వాటాలూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాయి,
లోపలికి రమ్మనే వేలు లేక.

ఢిల్లీ నేను చూడలేదు.
నాకు తెలిసిన ఢిల్లీ
తెర మధ్యలో గిరగిరా తిరిగే చిన్న చక్రం.
రాత్రి పదకొండు దాటితే కాస్త చురుగ్గా తిరుగుతుంది.
అక్కడివాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు.
దొంగ పేర్లు తినేస్తున్నాయని
ప్రతి రూపాయికీ ఒక వేలు కట్టారు.
వేళ్లు అరిగే పనులుంటాయని
ఆ గదిలో ఎవరికీ తోచలేదేమో.

"మంగళవారం ఐరిస్ మిషన్ తెస్తారమ్మా,
కన్ను చూపిస్తే చాలు."
"కన్నా? బట్టీ పొగలో కదా నా పని.
అది మాత్రం బాగుందని ఎవులు సెప్పినారు?"
నవ్వింది.

దమయంతి నవ్వలేదు.
ఫీజు నోటీసుని మడుస్తోంది, విప్పుతోంది.
"మిట్టా పల్లమూ ఉంటేనే దానికి కనబడతాదమ్మా,
నీ ఏలు సదునైపోనాది."
"అయితే ఆ సదువేదో బేగి సదువు,
సదును ఏలుని కూడా సూసేది ఒకటి సేద్దువు గాని."

కారణం నింపమంది తెర.
మూడే గడులు:
మరణించారు. వలస వెళ్లారు. నిరాకరించారు.
పనిచేశారు అన్న గడి లేదు.
దేన్నీ నొక్కకుండా కూర్చున్నాను,
చక్రం అలిసిపోయి తెర మాసిపోయేదాకా.

వాళ్లు ఆటో ఎక్కేశారు.
వరుసలో తర్వాతి ముసలాయన వేలు చాపాడు.
గాజు మీద గోధుమరంగు మరక.
స్పిరిట్‌తో తుడిచాను, గోటితో గీకాను.
పోలేదు.
అది ముద్ర కాదట.