వెనక మెట్లు

సెయింట్ లూయీ దీవిలో
మా వీధికి రెండు పేర్లు.
గోడ మీది పలక ఎవరో గవర్నరుదంటుంది,
గుర్రబ్బండి బిరామ్ మాత్రం
"చేపలెండే సందు" అంటేనే కదులుతాడు.

వారసత్వ శాఖ నుంచి వచ్చినాయన
బాల్కనీ ఇనప తీగల్ని వేలితో మీటి చూశాడు,
గోడ గీకి రంగులు లెక్కపెట్టాడు:
కావి, దాని కింద గులాబి, దాని కింద సున్నం.
"ఆ బట్టల తాడు తీసేయండి" అన్నాడు.
తీస్తాం. తడి బట్టలకి చరిత్రెక్కడిది.

మెట్ల సంగతి అడగలేదు.

ముందు మెట్లు చెక్కవి, బారెడు వెడల్పు,
తుమ్మబంకనీ మనుషుల్నీ ఒకే తూకాన బేరమాడిన దొరలవి.
వెనకవి రాతివి, ఒంటిమనిషికే ఇరుకు.
సోఖ్నా అవ్వ పదేళ్లప్పుడు నీళ్లకుండతో ఎక్కింది వాటిని.
దొరలు ఓడెక్కాక
చీటీ డబ్బుతో ఇల్లు కొన్నదీ తనే.
కాగితం మీద వేలిముద్ర వేసి
ఇంటికొచ్చి
వెనక నుంచే ఎక్కింది.
యాభై ఏళ్లు, అంతే.
అడిగితే "మోకాళ్లకి దారి తెలుసే" అనేది.

మొన్న వానల్లో పోయింది.
జనాజా ఆ మలుపులో తిరగలేదు.
మోసేవాళ్లు నలుగురూ మొహాలు చూసుకుని
వెనక్కి నడిచి
ముందు మెట్ల మీంచి దించారు.

వాటిని రోజూ ఊడ్చే మనిషి తనే.
ఆ పొద్దు ఇసుక అలాగే ఉంది.