సున్నాతో సహా

లిండ్స్‌బర్గ్‌లో నా పని
చెక్క గుర్రాల మీద పేర్లు రాయడం.
ఎర్ర గుర్రం, మెడకి పూల పట్టెడ,
పొట్ట మీద జానెడు చోటు.
ఆ జానెడులో ఒక మనిషి పట్టాలి.

కాన్సాస్ గాలికి గుమ్మం గుమ్మం పక్కనా
నేను రాసిన పొట్టలే ఊగుతుంటాయి.

నెలలు నిండినవాళ్ళు వస్తారు,
వెనక మొగుడు, మొగుడి చేతిలో చీటీ.
చీటీలో ఎప్పుడూ రెండు పేర్లు,
ఒకటి కొట్టేసి ఉంటుంది.
నాకు ఆ కొట్టేసినదే నచ్చుతుంది.

ఎవరూ అడగరు గానీ
నా ఇష్టాలు నాకున్నాయి.
లినేయా వద్దు. అడవిపువ్వే, కాదనను,
ఈ ఏడు ఇప్పటికి పదకొండు రాశాను,
కుంచె దానంతటదే రాసేస్తోంది.
ఎబ్బా అంటే ఎవరో కాలు తొక్కినట్టుంటుంది.
రూనా అంటే వాళ్ళకి రహస్యమట,
నాకు రుణం వినబడుతుంది.
సీవ్ మంచి పేరే,
చివర ఓ అకారం తగిలించి
చెయ్యెత్తి మొక్కకుండా ఆపుకోవడమే కష్టం.

గట్టి పేర్లు కావాలి నాకు.
సిగ్రిడ్. గుడ్రూన్. టోర్‌స్టెన్.
మా భాషలో మాట ఏదీ తలుపేసుకుని పోదు,
చివర్న ఒక అచ్చుని ఓరగా తెరిచే ఉంచుతుంది.
అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని,
ధడాలున మూసుకునే పేరంటే మోజు.

"సిగ్రిడ్డా! మా నానమ్మ చెల్లెలు,
పళ్ళు గ్లాసులో వేసి పడుకునేది"
అని నవ్వాడు మొన్న లార్స్ హెడ్‌మన్,
గోధుమ గిడ్డంగిలో గుమాస్తా.
ఇంకో అత్త ఉండేదట, గున్.
పలికితే ముద్దుగానే ఉంటుంది, రాస్తే తుపాకీ.
"ఆ పేరుతో పిల్లని విమానం ఎక్కించగలమా?"

నేనూ నవ్వాను. చెప్పలేదు,
మా అక్కమాంబలూ పేరిందేవులూ కూడా
పెట్టె అడుగునే ఉన్నారని,
కట్టకుండా దాచిన పట్టుచీర
మడతల దగ్గరే చిరుగుతుందని.

ఆయన భార్య మార్లిస్ నవ్వలేదు.
చీటీ నా ముందుకి తోసింది.
ఒకటే పేరు. కొట్టివేత లేదు.
ఓసా.
వాళ్ళ లిపిలో మూడే అక్షరాలు,
మొదటిదాని నెత్తిన చిన్న సున్నా.

"జనన పత్రంలో ఆ సున్నా పట్టదట" అంది.
"వాళ్ళ మిషన్లో ఆ మీట లేదట.
గుమ్మం దగ్గరైనా ఉండాలి నాకు."

సున్నా తీసేస్తే ఇక్కడివాళ్ళు ఏసా అంటారు,
అది మగపిల్లాడి పేరు.
నేను చదివితే ఆశ.
నిజానికి ఆశ నాకిష్టం లేదు.
మా తరగతిలో నలుగురుండేవాళ్ళు:
పొడుగాశ, పొట్టాశ, కళ్ళజోడాశ,
నాలుగోది ఉత్త ఆశ.

సున్నా చుట్టడం ఒకరు నేర్పాలా నాకు?
మా అక్షరాలన్నీ దానికి చుట్టాలే.
సన్నకుంచె తీశాను, తెల్లరంగు,
ఊపిరి బిగబట్టి ఒక్క చుట్టు.
కొంచెం పెద్దదైంది.
పేరు మీద గొడుగేసినట్టు.
తుడవబోతే మార్లిస్ చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ."

లోపలి అలమరలో చెవి విరిగిన గుర్రం ఒకటుంది,
అమ్మకానికి కాదు.
ఏటా చలికాలం దాని మీద ఒక పేరు రాసి
వసంతానికి గీరేస్తాను.
పోయినేడు టీరా. అంతకు ముందు ఆల్వా.
పేరుండాలంటే పిల్ల ఉండి తీరాలా?

ఈ రాత్రి కొట్టు మూశాక
మిగిలిన తెల్లరంగుతో
దాని పొట్ట మీద ఉత్త సున్నా చుట్టాను.
కింద అక్షరమేదో తోచలేదు.
దూరం నుంచి చూస్తే మాత్రం
గుర్రం కడుపుతో ఉన్నట్టుంది.