ఊపిరికి పడుగు

కోఠిల పన్నెండు వేలకు బేరమాడి తెచ్చిన కీబోర్డు.
రెండు మీటలు మూగవి, తెర మీద ఓ మూల నల్లమచ్చ.
పెండ్లిళ్లు అయిపొయ్యి బ్యాండు ఖాళీగున్న ఆషాఢం.
గట్టుప్పల్‌ల, మా మగ్గం అర్రల
నూలు పొట్లాల మీద పలక ఏసి దాన్ని పెట్టిన.

కొంగ మెడ లెక్క వంగిన మైకు.
గుచ్చి, గెయిన్ గుండీ సగం దాకా తిప్పి
'హలో' అన్న. ఏం లేదు.
మల్ల అన్న. లేదు.
వైరు తప్పనుకున్న, మైకు తప్పనుకున్న,
అమ్మినోన్ని ఇంటిపేరుతోని తిట్టిన.
అర్ధగంటకు సమజైంది:
వోకోడర్‌కు మాట ఒక్కటే సాలదు,
వేళ్లు మీటల మీద ఉండాలె.
నోరు మాటిస్తది, మీట సురమిస్తది.
ఒకటి పడుగు, ఒకటి పేక.
ఈ ముక్క మా ఇంట్ల ఎవరినడిగినా చెప్పుదురు.

మూడు మీటలు ఒత్తిపట్టిన.
నేను నోరు తెరవకముందే పెట్టె మాట్లాడింది,
టక్కు టక్కున, మూడు సురాల్ల.
పక్కింటి బూదయ్య మగ్గం!
నాడె అటు పోతే ఒక మోత, ఇటొస్తే ఒక మోత.
గేటు పెంచిన. మగ్గం ఆగింది.
ఇంకింత పెంచితే నా మాటల మొదళ్లు తెగినయి.
'కమలం' అంటే 'మలం' అన్నది.
అత్త కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది.
చప్పుడు రాలే.

అండాలత్త కండెలు చుడుతది.
మూడేండ్ల కింద నల్లగొండల గొంతుగడ్డ తీసిండ్రు.
గడ్డతోపాటు నరం దెబ్బతిన్నదని
కాయితం మీద రాసిండ్రు, నోటితో చెప్పలే.
అప్పటిసంది గుసగుసే.
ఫోన్ల వినపడదు. కూరగాయల బండి ఆగదు.
అంతకుముందైతే ఆమె అందుకుంటే
నాలుగిండ్లవతల గుంటమగ్గంల కాళ్లు ఆగేవి.

మైకు దిక్కు గదుమ ఎత్తింది: నేనా?

ముందుగాల హార్మొనీ పెట్టిన,
పైన ఒక తోడు, కింద ఒక తోడు.
అది ఆమె గుసగుసల సురం కోసం దేవులాడింది.
దొరకక రేకు మీద పిల్లి లెక్క గోకింది.
అత్త చెయ్యి ఊపింది,
దీనికీ నా లెక్కనే చాతగాదని.

మల్ల వోకోడర్‌కు మార్చిన.
ఇది గొంతును అడగదు.
పెదవి ఎప్పుడు మూసినవ్,
నాలిక యాడ తాకింది,
గాలి ఏ సందుల ఇరుకైంది,
గంతే అడుగుతది.
ఆ లెక్క అత్త దగ్గర పైసతోని సహా ఉన్నది.

కింద స, మీద ప పట్టిన.

కండె తిరిగితే దారం,
కన్ను మూస్తే బారం...

పెట్టె పాడింది.
అత్త గొంతు కాదు. ఆడది కాదు, మగది కాదు.
రేకు గొట్టంల ఎవరో మేల్కొన్నట్టు.
కానీ 'దారం' కాడ ఆ 'దా'ను
జర్రంత లాగి ఇడిసే తీరు ఉంటదే,
మామ తింటున్న పళ్లెం పట్టుకొనే వచ్చి
గడపల నిలవడ్డడు.

రెండో మాటు పాడలే అత్త.
నా చెయ్యి మీద ఒక్కటేసింది.
"ఆడ దిగాలె దశ్రథా, నువ్వు ఆడనే కూసున్నవ్."
ఆ తిట్టు గూడ మైకులకు పొయ్యి
జంట సురాల్ల బయటికొచ్చింది.

నా వేళ్లు జరిపింది.
నూలు కోసిన గాటు ఉన్న చూపుడువేలు
మీట మీద పెట్టింది. కాదు.
పక్కది. కాదు.
మూగ మీట. అది అసలే కాదు.
దాని పక్కది.
తల ఊపింది.

కరెంటు పొయ్యేదాక గట్లనే,
ఒక్కొక్క మెట్టు తడుముకుంట.
పోయినంక గూడ వేలు తియ్యలే,
పెదవులు ఆడుతనే ఉన్నయి.
పక్కింట్ల బూదయ్య మగ్గానికి కరెంటుతో పనిలేదు.

నేను లేచి మైకు వైరు చుట్టబొయ్యిన.
అత్త నా మణికట్టు పట్టుకున్నది.
ఉండనీ.