కాల్చిన బిరడా

మే నెల వస్తే మా బడిలో
వైన్ సీసాల బిరడాలు కాలుస్తాం.
బ్యూనస్ ఐరిస్‌లో అప్పుడే చలి మొదలు,
ఇరవై అయిదున దేశం పుట్టిన నాటకం.
దొరసానులకి ఎత్తైన దువ్వెనలు,
దొరలకి అట్టముక్కల టోపీలు,
కొవ్వొత్తులమ్మేవాళ్ళకీ నీళ్ళమ్మేవాళ్ళకీ
బుగ్గల నిండా బిరడా మసి.

ఇరవై రెండేళ్ళుగా పాత్రలు పంచేది నేనే.
ఎవరికేది నప్పుతుందో
మొహం చూసి చెప్పేస్తానని
స్టాఫ్ రూములో పేరు కూడా ఉంది నాకు.

ఆ ఏడు బౌతిస్తాకి మసి పూస్తుంటే
చక్కిలిగింతలని మెలికలు తిరిగిపోయాడు.
వాడి వెనక అబిగాయిల్ తికోనా.
తనంతట తనే మొహం పైకెత్తి
కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది.
"నీకక్కర్లేదులే, తల్లీ" అన్నాను.
ముద్దుగానే అన్నాను.

కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది తనకి.

మూడో ఏడు వరసగా కొవ్వొత్తుల బుట్ట.
పుట్టింది ఇక్కడే, నాలుగు వీధుల అవతల ఆసుపత్రిలో.
అయినా క్లాసులో "ఆ బొలీవియా పిల్ల".
"మీ కొట్లో ఉల్లిపాయలెంత?" అంటారు వెనక బెంచీవాళ్ళు.
వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు,
ఉల్లిపాయలు అందరిలాగే కొనుక్కుంటారు.

ఇక్కడ బడికి అందరికీ తెల్లకోటే,
ఎవరి పిల్లలో తెలియకూడదని.
కోటు మెడ దగ్గర ఆగిపోతుంది.

ప్రోగ్రెస్ కార్డులో నేను రాసింది:
నెమ్మది. మర్యాద. నోట్లో నాలుక లేని పిల్ల.
తనకే కాదు, ఆ వీధి పిల్లలందరికీ అదే,
ఒకరి కార్డు చూసి ఇంకొకరిది ఎక్కించినట్టు.

ఒకరోజు ఇంటర్వెల్లో, బాత్రూం కిటికీలోంచి విన్నాను.
గోడకి ఆనుకుని, పిడికిలి మైకు చేసుకుని,
ఊపిరి తీసుకోకుండా:
"బంతి బౌతిస్తా దగ్గర, శ్రోతలారా,
అయ్యో, ఇద్దరికీ ముందు పరిచయం లేనట్టుంది!"
విన్నాను. నవ్వుకున్నాను.
పాత్ర మాత్రం మార్చలేదు.

మా అమ్మమ్మ గలీసియా నుంచి ఓడలో వచ్చింది.
గలీసియావాళ్ళకి బుర్ర తక్కువని
ఈ ఊరు ఊరంతా జోకులు.
ఎవరైనా మొదలుపెడితే
ఆఖరి మాట తనే అందించేది,
నవ్వు కనీసం తన చేతుల్లో ఉండాలని.
ఇది నాకు తెలుసు. తెలిసీ.

నాటకం రోజు సన్నటి తుంపర.
తనకున్నది ఒకే ఒక్క మాట:
"కొవ్వొత్తులు, దీపం లేని ఇళ్ళకి కొవ్వొత్తులు!"
వచ్చింది. నిలబడింది. అనలేదు.
తెర పక్కనుంచి అందించాను, రెండుసార్లు.
బుట్ట కిందపెట్టి
పిడికిలి నోటి దగ్గరికి తెచ్చింది.

"వైస్రాయ్ గారు ఎడమవైపు నుంచి దూసుకొస్తున్నారు,
గొడుగు అడ్డుపడింది, ఔట్!
లోపల దేశం ఏదో పుడుతోందట, శ్రోతలారా,
ఇక్కణ్ణుంచి ఏమీ కనబడటం లేదు,
మమ్మల్ని మెట్ల మీదే ఆపేశారు!"

హాలు గొల్లుమంది.
హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూసింది.
నేను బిరడాల డబ్బా వైపు చూశాను.

అయిపోయాక వాళ్ళమ్మ వచ్చింది,
వేళ్ళ కొనల నిండా సూదిపోట్లు.
"ఏమైనా తప్పు చేసిందా, సేన్యో?"
జవాబు వెతుక్కుంటుండగానే
ఆమె చూపు నా కోటు చేతి మీద పడింది.
వేలాడుతున్న దారాన్ని వంగి పళ్ళతో కొరికేసి,
"ఇది మా వర్క్‌షాపులో కుట్టిందే" అంది,
"ఆ నెల రాత్రుళ్ళు కూడా కుట్టాం.
ఏమనుకోకండి."

డిసెంబరు కార్డులో రాశాను:
ఇప్పుడు బాగా మాట్లాడుతోంది.
'ఇప్పుడు' కొట్టేశాను.
ఎంత గట్టిగా గీసినా
కింద ఆ మాట కనబడుతూనే ఉంది.