నీడన ఆరేవి

చెన్నై నుంచి మూట దిగేది తెల్లవారుజామున.
పెన్నకి ఇవతల, వెంకటేశ్వరపురంలో, మా రేకుల ఇంటి ముందర
గోనెపట్టా విప్పితే
ఎవురెవురి భుజాలకో వేలాడి అలిసిన తోలు సంచులు
పిలకాయల్లాగా ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి.
కిలోల లెక్కన కొన్నవి.
చిరిగినదానికీ అదే ధర, మెరిసేదానికీ అదే ధర.

ముందు లోపల చెయ్యి పెడతా.
సేఫ్టీ పిన్ను, ముద్దయిపోయిన బస్సు టికెట్టు, వాసనపోయిన యాలక్కాయ.
ఒకసారి పాలపన్ను, కాగితంలో చుట్టి.
దాన్ని మాత్రం రేకుల మీదికి విసిరేశా.
ఎవురి బిడ్డదైతేనేం, పన్ను మొలవాల గదా.

నేర్చుకుంటానని వచ్చే పక్కింటి షారోనుకి చెప్తుంటా:
నీళ్ళు పొయ్యబాకు.
దప్పిగొన్నట్టే కనపడుద్ది తోలు, తాపితే ఉబ్బి చస్తుంది.
సబ్బు నురగ చాలు, పాత బనీను గుడ్డ మీద.
కొబ్బరినూనె రాయబాకు, నెల తిరక్కుండా గబ్బు.
ఎండన పెట్టబాకు, ఒట్టిచేపలాగా బిగుసుకుపోద్ది.
కడుపునిండా పాత పేపర్లు కుక్కి నీడన పెట్టు.
మిగతా పని గాలిది.

కుట్లలో మురిక్కి పళ్ళ బ్రష్షు, జిప్పుకి కొవ్వొత్తి ముక్క,
ఇత్తడి బకిలీకి చింతపండు.
పెన్ను మరకకి స్పిరిట్టు; అద్దాల, రుద్దకూడదు.
కడాన తేనెమైనం, ఆముదం కలిపి కాచిన ముద్ద
బొటనవేలితో, రోంత రోంతగా.
తోలుకి వేలి వేడి తెలియాల.

అన్నిటికన్నా మొండిది వాసన.
కాఫీపొడి, వంటసోడా, వేపాకు. వాసన పోతేనే కొంటారు.
ఐదో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల
ముక్కు మూసుకోలా, మాటేం అనలా.
ఉత్తినే, ఒక జానెడు జరిగింది.
ఆ జానెడు ఇప్పటికీ టేపు లేకుండా కొలవగలను.

పోయినేడు కార్తీకంలో, వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు.
ఒక ఎర్రమట్టిరంగు సంచికి అస్తరు ఊడదీశా.
గుప్పున
వింజమూరు పక్క మా తాత యేసోబు లంద.
తంగేడు చెక్క నానిన నీళ్ళు, సున్నం,
మోచేతుల దాకా ఎర్రబారిన చేతులు,
ఆ చేతులతోనే నా గౌను జేబులో పోసిన బొరుగులు.
ఎవురు ఊనారో దీన్ని, ఏ ఊర్లోనో.
మందులతో కాదు, చెట్టు చెక్కతో మగ్గించిన తోలు.

నిజం చెప్పాలంటే దాచుకుందామనుకున్నా.
కరెంటు బిల్లు వచ్చింది.
కాఫీపొడి వారం పెట్టి, కొత్త అస్తరు కుట్టి,
ఏడొందల యాభైకి
రిజిస్ట్రారాఫీసు వనజాక్షి మేడానికి ఇచ్చేశా.

ఈ ఏడు మొదటి వానకే తిరిగి తెచ్చింది.
"చెమ్మ తగిల్తే ఏదో వాసనమ్మా. ఆఫీసులో బాగుండదు."
ఏం వాసన మేడం, అన్నా.
సంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. దించింది. మళ్ళీ పెట్టుకుంది.
"చెడ్డదేం కాదు," అంది,
"చెట్టు లాంటిది."

వారం పడుద్ది, ఇచ్చిపోండి అన్నా.

వారం నేనేం చెయ్యలా.
తలాపు పక్క మేకుకి తగిలించా.
రాత్రిళ్ళు రేకుల మీద వాన లావైనప్పుడు
లేచి ఒకసారి మూత తెరిచేది, మూసేది.
షారోను అడిగింది, అక్కా, దీనికేం మందు పెట్టినావని.
గాలి, అన్నా.

ఎనిమిదో రోజు పట్టీకి మైనం పూసి,
లోపల కాఫీపొడి పొట్లం ఒకటి వేసి ఇచ్చా. డబ్బులొద్దన్నా.
మేడం గుమ్మం దిగి, గొడుగు విప్పతా ఆగింది.
"మళ్ళీ వస్తే?"

మళ్ళీ తెండి మేడం.
కార్తీకం ఇంకా రానేలేదు గదా.