రిమార్కుల గడి

పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటాక
మా జీడిపిక్కల ఫ్యాక్టరీ.
పదకొండేళ్ళుగా అక్కడ లెక్కలు రాస్తున్నాను:
గుండు ఇంత, బద్ద ఇంత, నుసి ఇంత.
ఎవరి చేతిలో ఎన్ని పప్పులు విరిగితే
ఎవరి కూలిలో ఎంత తెగుతుందో
పుస్తకం తెరవకుండా చెప్పగలను.

ఈ నెల కొత్త రిజిస్టరొకటి తెప్పించారు,
నీలం అట్ట, లోపల అచ్చు గీతలు.
సముద్రం అవతల మా పప్పు కొనేవాళ్ళు
కూలీల చేతుల గురించి అడిగారట.
మేనేజరు బెహరా గారు పిలిచి
"గ్లౌజులు, అరవై జతలు. తేదీ వెనకది వెయ్" అన్నారు.
తేదీల్ని వెనక్కి నడిపించడం నాకు అలవాటైన పనే.

సోమవారం గ్లౌజులు నిజంగానే వచ్చాయి.
పసుపుపచ్చ రబ్బరు, కొత్త చెప్పుల వాసన.
అరవై మందీ తొడుక్కుని వరసగా కూర్చున్నారు,
ఫోటో అయింది.
వెనక గోడ మీద మూడు భాషల్లో
మీ ఆరోగ్యం మా బాధ్యత.
తెలుగు వరసలో య వత్తు పెచ్చుతో పాటు ఊడిపోయి
బాధ మాత్రం తేటగా కనిపిస్తోంది.

గంట తిరక్కుండా విప్పేశారు, ఎవరూ అడక్కుండానే.
దాలమ్మ తన జత నా బల్ల మీద పెట్టింది.
"ఇవేసుకుంతే పిక్క సేతికి తెల్దు బాబూ,
గుండు బద్దయిపోద్ది.
మీరు కోసీ డబ్బులు ఈ తొడుగులిత్తాయేటి?"
జవాబు కోసం గోడకున్న రేట్ల పట్టిక చూశాను.
ఆ పట్టికలో అక్షరాలు నావే.

తర్వాత ముద్రలు.
మొదట సుబాసి గమాంగో,
తెల్లారకముందే కొండ దిగి వచ్చే సవర పిల్ల.
బొటనవేలు పట్టుకుని సిరాబిళ్ళకద్ది ఒత్తాను.
గీతల్లేవు.
సిరా ఎక్కువైందనుకుని తుడిచి మళ్ళీ ఒత్తించాను.
ఏటి గులకరాయిని ముంచి అద్దినట్టు
నున్నటి నీలిమచ్చ.
జీడి సొన తినేసింది.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
ఎంత నెమ్మదిగానో తినేసింది.
అరవై పేర్లకి ఎదురుగా అరవై మచ్చలు.
ఏది ఎవరిదో నేనే చెప్పలేను.

చదువు రానివాళ్ళని వేలిముద్రగాళ్ళంటాం, నవ్వుతూ.
వేలిముద్రా పోయినవాళ్ళని ఏమనాలో
నాకు మాట దొరకలేదు.

"కంట్రోలు బియ్యం మిసను కూడా అంతే బాబూ,
నాను నాను కాదంతంది.
మూడు నెల్లై మనవణ్ణి తీసుకెల్తన్నాను,
ఆడి ఏలికి ఇత్తంది" అంది దాలమ్మ,
పిక్కల బుట్ట దగ్గరికి లాక్కుంటూ.

ఆ రాత్రి రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను.
ముందు నా బొటనవేలు ఒత్తి చూసుకున్నాను,
పాత కరెంటు బిల్లు వెనక.
ఒక్క గీతైనా చెదరలేదు. సుడి కూడా ఉంది.
ప్రతి వరస చివరా ఇరుకైన గడి, రిమార్కులు అని.
ఇన్నేళ్ళూ అన్ని పుస్తకాల్లో అక్కడ అడ్డగీతే గీశాను.
ఈసారి చిన్న అక్షరాల్లో, తెలుగులో,
రేఖలు లేవు అని రాశాను.
అరవై సార్లు.
నలభయ్యో వరస దగ్గర పెన్ను మార్చాల్సొచ్చింది.

ఆడిటరు భువనేశ్వర్ నుంచి వచ్చాడు.
మంచివాడిలాగే ఉన్నాడు,
తడి తువ్వాలు మెడకి చుట్టుకుని, టీకి డబ్బులు తనే ఇచ్చాడు.
పేజీ తిప్పబోయి ఆగాడు.
నా గడి మీద వేలు పెట్టి, ఇదేంటని ఒడియాలో అడిగాడు.
బెహరా గారి కుర్చీ కిర్రుమంది.
నేను కిటికీ వైపు చూశాను. బాయిలరు పొగ.
పెద్దదాని కాలేజీ ఫీజు పన్నెండో తారీకు.

"అందినవి అని రాశానండీ" అన్నాను.

అతను తలూపి టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.
గురువారం కంటెయినరు విశాఖ రేవుకి బయల్దేరింది.

రిజిస్టరు బీరువాలో ఉంది, తాళంచెవి నా మొలతాడుకి.
తెలుగు చదవగలిగిన ఆడిటరెవరైనా
ఏదో ఒక ఏడు వస్తాడని భయం.
రాడేమోనని ఇంకో భయం,
ఇది రాత్రిళ్ళు ఎక్కువ.