ఐసు ఫ్యాక్టరీ మేడ మీద

ఈ పుస్తకంలో ఐసు దిమ్మల లెక్క తప్ప
ఇంకేదీ రాయకూడదు.
అయినా మంగళవారం పేజీలో,
యాభై ఏడో నంబరు బోటుకి ముప్పై దిమ్మలన్న చోట,
ఒక గీత కొట్టి కింద రాశాను:
రాత్రి మేడ మీద మూడు వాయిద్యాలు.

ఫిషింగ్ హార్బరులో మేడంటే
విరిగిన తెడ్లు, ఉప్పు తిన్న రేకులు, పిల్లుల సంసారం.
అక్కడికి కెన్నెత్ దొర బేసు ఎక్కించడానికి
నలుగురు కలాసీలు కావలసొచ్చారు.
లోకో షెడ్డులో రిటైరైన మనిషి.
బీరువాని కావలించుకున్నట్టు నిలబడి
పట్టాల అతుకుల మీద బండి నడిచినట్టు మీటుతాడు,
టక్కు, టక్కు,
ఎక్కడా సిగ్నలు తప్పకుండా.

మృణాళినిది మహారాణిపేట.
నేల మీద కూర్చుని, పాదానికి ఆనించి నేర్చిన వయొలిన్‌ని
ఇప్పుడు గడ్డం కింద పెట్టి నిలబడింది.
గమకం మాత్రం ఇంకా కూర్చునే ఉంది.

గరికిన పోలారావుది బంజో.
చేపలు కోసే సూరమ్మ దాన్ని చూసి,
"ఓలమ్మ, ఇది మన జముకే గదేటి!
తోలుంది, తీగుంది,
మెడొకటే పొడుగు" అంది.
వాడు నవ్వలేదు.
వాడి అమ్మమ్మ తెల్లార్లూ జముకు మీద కథ చెప్పి
పొద్దున్నే రొయ్యలు వొలవడానికి పోయేది.

బ్లూగ్రాస్ అంటారట ఈ పాటని.
నీలం గడ్డి ఎక్కడ మొలుస్తుందయ్యా అంటే
కొండల్లో, అన్నాడు దొర.
అరకు కొండల్లోనా?
అలాంటివే.

పోలారావు వేళ్ళు
వలలోంచి కవళ్ళు గుమ్మరించినట్టు,
ఒక్కటీ ఒక దగ్గర నిలవదు.
ఆ గెంతుల నడుమకి మృణాళిని మెల్లగా
మోహన దించింది.
అందులో ధింసా అడుగు ఎప్పుడు కలిసిందో
నేను కనిపెట్టలేదు,
నా కాలు కనిపెట్టింది.

పదకొండు దాటాక బంజో పొట్టి తీగ తెగింది.
సముద్రపు గాలి కొరికిన తీగ.
బొటనవేలి కింద ఆగకుండా మోగే ఆ ఒక్కటే
ముగ్గురికీ శ్రుతి.
కింద సూరమ్మ కత్తి ఆపింది.

అప్పుడు ఔటర్ హార్బరులో ఏదో ఓడ
పొడుగ్గా కూత వేసింది.
"అర స్వరం తక్కువుంది" అన్నాడు దొర, చెవి ఒగ్గి.
మృణాళిని ఏమీ అనకుండా
నాలుగు బిరడలూ తిప్పి ఓడ దగ్గరికి దిగింది.
వెనకే మిగతా ఇద్దరూ.
కూత ఆగింది. ఓడ దాని దారిన అది పోయింది.
వీళ్ళు మాత్రం దాని శ్రుతిలోనే
రెండింటి దాకా.

తెల్లారి మేనేజరు అడిగాడు,
మూడు దిమ్మలు తక్కువొచ్చాయేటని.
కరిగిపోయాయన్నాను.
అబద్ధం కాదు.
కంప్రెసరు హోరులో వయొలిన్ వినబడటం లేదని
నేనే కట్టేశాను,
కాసేపే.
కాసేపంటే, నాలుగు పాటలు.